వీధి దీపానికి తెల్లవారిన సాయంత్రాలు

మా వీధిలో కార్బన్ నానోట్యూబు అంటే ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. గొప్పకు చెప్పడం లేదు, గొప్పకు చెప్పినా తప్పు లేదనుకుంటాను. పదో తరగతి తర్వాత కుట్టుమిషను ముందు కూర్చున్నవాణ్ణి. షాపు కట్టేసే మధ్యాహ్నాల్లో నర్సీపట్నం గ్రంథాలయానికి వెళ్ళి, పోటీ పరీక్షల పిల్లలు కుర్చీలన్నీ ఆక్రమించుకున్నాక మిగిలిన కిటికీ గట్టు మీద కూర్చుని, సైన్సు పత్రికల పాత సంపుటాలు ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చాను. తెలియని మాట వస్తే నిఘంటువు, నిఘంటువు కూడా చేతులెత్తేస్తే లైబ్రేరియన్ గారు. ఆయనా చేతులెత్తేస్తే మర్నాడు మళ్ళీ మొదటి పేజీ నుంచి.

అందుకే మా వార్డుకి కొత్త వీధిదీపాలు బిగించిన రోజున కాంట్రాక్టరు మనిషి మైకు పట్టుకుని, "ఇందులో ఉన్నది మామూలు సెన్సారు కాదండీ, నానో సెన్సారు. చీకటి పడితే అదే ఎలుగుద్ది, తెల్లారితే అదే ఆరుద్ది" అన్నప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. అర్థమై కొట్టినవాణ్ణి మాత్రం నేనే. పక్కనున్న కిరాణా కొట్టాయన నా చెవిలో, "నానో అంటే ఆ సిన్న కారే కదేటి?" అన్నాడు. జవాబు చెప్పడానికి నోరు తెరిచేలోపు కొబ్బరికాయ కొట్టేశారు.

వరస మొత్తానికి సెన్సారు ఒకటే. మా వీధి మొగలో ఉన్న మొదటి స్తంభం మీద, దీపానికి పైన, నల్లటి చిన్న గిన్నె బోర్లించినట్టుంటుంది. దాని కింద మా అక్క బజ్జీల బండి.

అక్క బండి గురించి చెప్పాలి. కొయ్యూరు వైపు వెళ్ళే ఆటోలూ జీపులూ ఆగే చోటు అది. సంతకు దిగి వచ్చిన కొండ ఊళ్ళ వాళ్ళు ఎక్కబోయే ముందు పిల్లలకు పొట్లం కట్టించుకుంటారు. రావికమతం రైతులు పని చూసుకుని పోతూ ఒక ప్లేటు తింటారు. మా ఊళ్ళో బజ్జీ తినడం ఊరికే తినడం కాదు. మూకుడులోకి తొంగిచూసి, వేలు పెట్టి చూపించి ఏరుకుంటారు. "అది కాదమ్మా, ఆ మూలన ఎర్రగా ఏగింది, అదెయ్యి." ఏరుకోనివ్వకపోతే డబ్బులు ఎదురిచ్చినా తినరు. కాబట్టి ఆ బండికి శనగపిండి ఎంత అవసరమో వెలుతురూ అంతే అవసరం.

చార్జింగు లైటు పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టింది. వానాకాలం సాయంత్రం నూనె మూకుడు పక్కన లైటు పెడితే ఏమవుతుందో వండేవాళ్ళకు తెలుసు. ఊళ్ళో ఉన్న రెక్కల పురుగులన్నీ వచ్చి నూనెలో దూకుతాయి. ఎత్తున ఉన్న వీధిదీపమైతే పురుగులు పైనే ఉంటాయి, మనుషులు కింద తింటారు. మా అక్క వ్యాపారం ఆ ఏర్పాటు మీద నడిచేది.

కొత్త దీపం కొన్నాళ్ళు బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత అన్న పుట్టినరోజు వచ్చింది.

అన్న అంటే మా వార్డు నాయకుడికి నాయకుడు. మేము ఆయన్ని మనిషిగా ఎప్పుడూ చూడలేదు, ఫ్లెక్సీగా చాలాసార్లు చూశాం. ఈసారి ఫ్లెక్సీ ఎన్నడూ లేనంత పెద్దది. వీధి మొగలో స్తంభానికి ఎదురుగా ఉన్న గోడ మీద కట్టారు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, నమస్కారం పెడుతున్న చేతులు. రాత్రి కూడా జనం చూడాలని వెదురుబొంగుకు ఫోకస్ లైటు కట్టి అన్న మీదికి తిప్పారు. గోడ కింద వార్డు నాయకుడు, ఆయన మనుషులు కుర్చీలు వేసుకుని కూర్చునేవారు.

ఆ సాయంత్రం చీకటి పడగానే వీధిదీపాలు వెలిగాయి. కాసేపటికి అన్న లైటు వేశారు. వీధిదీపాలు ఆరిపోయాయి. వీధి అంతా చీకటి, అన్న ఒక్కడే పట్టపగల్లా వెలిగిపోతున్నాడు. జనం పడుకునే వేళకు ఆ లైటు తీసేసి వాళ్ళు ఇళ్ళకు పోగానే వీధిదీపాలు మళ్ళీ వెలిగాయి. ఆ వెలుతురు కుక్కలకు బాగా ఉపయోగపడింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వీధిలో ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పారు. చైనా సరుకన్నారు. ఓల్టేజి లేదన్నారు. వార్డు నాయకుడు మాత్రం ఇది అవతలి పార్టీ వాళ్ళ కుట్ర అని తేల్చాడు.

మా అక్క అట్లకాడ ఊపుతూ నన్ను పిలిచింది. "ఒరే తమ్ముడూ, ఇలగొచ్చి సూడు. బజ్జీ ఏగిందో మాడిందో నాకే కనపడ్డం లేదు, ఇంక కొనేవోడికేటి కనపడుద్ది? ఇన్నేళ్ళు ఆ లైబ్రరీలో కూకున్నావు గదా, దీనికేటైనా మందు రాసున్నాదేటి అందులో?"

రాసే ఉంది. నాకు ఆ రాత్రే తెలిసిపోయింది, అయినా చదివి ధ్రువపరచుకోకుండా మాట్లాడే అలవాటు నాకు లేదు. మర్నాడు గ్రంథాలయంలో ఆ సంపుటం తీసి మళ్ళీ చదివాను.

విషయం ఇది. పొయ్యిలో బొగ్గూ పెన్సిల్లో ముల్లూ ఏ కార్బన్‌తో అయ్యాయో, ఆ కార్బన్ పరమాణువులే తేనెపట్టు గదుల్లా ఆరేసి మూలలుగా అల్లుకుంటే ఒక పొర అవుతుంది. దాని మందం ఒక్క పరమాణువు. ఆ పొరను చుట్టచుడితే నానోట్యూబు. మన తలవెంట్రుకను నిలువునా వందల కోట్ల పోగులుగా చీల్చగలిగితే ఒక పోగు దాని లావుకు దగ్గరగా వస్తుంది. వింత ఏమిటంటే, పొరను ఎటు నుంచి చుట్టారనే దాన్నిబట్టి గొట్టం గుణం మారిపోతుంది. ఒక విధంగా చుడితే రాగితీగలాగా కరెంటును అడ్డూ అదుపూ లేకుండా పోనిస్తుంది. ఇంకొంచెం ఏటవాలుగా చుడితే అర్ధవాహకం, అంటే తనకు తగిన కారణం చూపిస్తేనే పోనిస్తుంది. ఈ మాట చదివి చాలామంది నమ్మరట. దర్జీ నమ్ముతాడు. ఒకే తాను గుడ్డ నిలువుగా కత్తిరిస్తే సాగదు, ఐమూలగా కత్తిరిస్తే సాగుతుంది. గుడ్డ మారలేదు, కోత మారింది.

ఆ రెండో రకం గొట్టాలను పలచటి పొరగా పరిచి, రెండు వైపులా తీగలు కలిపితే వెలుతురును పసిగట్టే సెన్సారు తయారవుతుంది. వెలుగు పడితే గొట్టంలోని ఎలక్ట్రాన్ తన చోటు వదిలి లేస్తుంది. లేచినా అది ఖాళీ చేసిన చోటు దాన్ని వదలదు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతాయి. వాటిని విడదీసి చెరో వైపుకీ పంపగలిగితే అదే కరెంటు, అదే 'వెలుగు వచ్చింది' అనే కబురు. గొట్టం లావును బట్టి అది ఏ వెలుగుకు లేస్తుందో మారుతుంది. మన కంటికి కనపడని పరారుణ కాంతికి కూడా లేచే గొట్టాలున్నాయి. ప్లాస్టిక్ రేకు మీద పరిస్తే రేకుతోపాటు వంగుతాయి కూడా. కష్టమల్లా తయారీలో రెండు రకాల గొట్టాలూ కలగాపులగంగా పుట్టడం, వాటిని వేరు చేయడం. అందుకే ఇవి ఇంకా ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉన్నాయని ఆ వ్యాసం చివర్లో రాసి ఉంది. ఆ చివరి వాక్యం దగ్గర నాకు మా స్తంభం మీది గిన్నె మీద కొంత అనుమానం కలిగింది. కానీ చప్పట్లు కొట్టేశాం కదా.

వ్యాసంలో నాకు పనికొచ్చే మాట వేరే ఉంది. సెన్సారు ఏ రకందైనా, వెలుగు ఎంత పడిందో చెబుతుందే తప్ప, ఎవరి దగ్గర్నుంచి పడిందో చెప్పదు. ఫోకస్ లైటు అన్న తెల్లచొక్కా మీద పడుతోంది, అక్కణ్ణుంచి వెనక్కి కొట్టి ఎదుటి స్తంభం మీది గిన్నె మీద పడుతోంది, కింద బండి దాకా దిగడం లేదు. గిన్నె తెల్లవారిందనుకుని దీపాలు ఆర్పుతోంది. దానికి సూర్యుడెవరో అన్న ఎవరో తేడా తెలియదు. ఈ విషయంలో సెన్సారును ఒక్కదాన్నే తప్పుపట్టలేం, కుర్చీల్లో కూర్చునే వాళ్ళకూ తెలియదు.

అక్కడే ఉన్న దినపత్రిక తీసి నిలువుగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి చుట్టి చూసుకుంటున్నాను. లైబ్రేరియన్ గారు వచ్చి నిలబడ్డారు.

"ఏమండీ టైలరుగారూ, పల్లీలకా?"

"కాదండీ. నానోట్యూబండీ."

"ఈరోజు పేపరండీ అది. అవతల ముగ్గురు చదవాలి."

ఆ సాయంత్రమే ఫ్లెక్సీ కింద కుర్చీల దగ్గరికి వెళ్ళాను. వార్డు నాయకుడు కాలు మీద కాలు వేసుకుని టీ తాగుతున్నాడు. చీకటి వీధిలో ఆయన కూర్చున్న చోటు మాత్రం పెళ్ళిపందిరిలా ఉంది.

"రండి టైలరుగారూ. జాకెట్టు కొలతలకొచ్చినారేటి?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

నేను నవ్వలేదు. కార్బన్ దగ్గర మొదలుపెట్టి, పొర, చుట్ట, ఎలక్ట్రాన్, ఖాళీ, అన్నీ వరసగా చెప్పాను. వింటున్నారో లేదో అని మధ్యలో చూశాను. ఆశ్చర్యం, వింటున్నారు. ఒకాయన నోరు తెరుచుకుని వింటున్నాడు. అంత శ్రద్ధగా నా మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. దాంతో అవసరమైనదానికన్నా కొంచెం ఎక్కువే చెప్పాను. పరారుణం దాకా వెళ్ళాను. చివరికి అసలు మాట చెప్పాను: "ఫోకస్ లైటు కాస్త పక్కకు తిప్పితే చాలండీ. లేకపోతే గిన్నెకు ఈ వైపు ఒక అడ్డం పెట్టినా చాలు. వీధి వెలుగుతుంది, అక్క బండి నిలబడుతుంది."

వార్డు నాయకుడు టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇంత టెక్నాలజీ మన వార్డులో ఉన్నాదని మాకే తెలవదు సుమండీ! అంటే అన్న ఎలుగు సూసి నానో కూడా పగలనుకుంటున్నాదన్నమాట!"

"అంతేనండీ, కానీ..."

"ఒరే, ఈ మాట రాసుకోండ్రా. మీటింగులో సెప్పాల."

"లైటు తిప్పడం గురించండీ..."

"అన్న మీద ఎట్టిన లైటు తిప్పీమంటే నానెవడ్నండీ తిప్పడానికి? పైనోళ్ళు సూస్తే నా పనైపోద్ది. గిన్నె సంగతి కాంట్రాక్టరు మనిషినడగండి."

కాంట్రాక్టరు మనిషి ఫోనులోనే తీర్పు చెప్పాడు. "సెన్సారు కరెక్టుగానే పనిచేస్తోందండీ. ఎలుతురు పడింది, ఆరింది. అడ్డం ఏదైనా పెడితే గ్యారంటీ పోద్ది." ఇందులో నానోట్యూబులే ఉన్నాయా అని అడిగాను. లైను కట్ అయింది.

ఆ ఆదివారం వార్డు నాయకుడి మనుషులు నా షాపుకు వచ్చి నన్ను లాక్కుపోయారు. ఫ్లెక్సీ ముందు నిలబెట్టి శాలువా కప్పారు. "మన వార్డు నానో మేధావి" అన్నారు. మైకు ఇచ్చారు. నేను మళ్ళీ కార్బన్ దగ్గర్నుంచి మొదలుపెట్టాను, తేనెపట్టు దాకా వచ్చేసరికి మైకు తీసుకున్నారు. రెండు రోజుల్లో అన్న ఫ్లెక్సీ పక్కన ఇంకో ఫ్లెక్సీ వెలిసింది. దాని మీద అన్న, వార్డు నాయకుడు, కింద గుండ్రంలో నేను. నాకు కూడా తెల్లచొక్కా అతికించారు. దానికి ఇంకో ఫోకస్ లైటు.

బాగానే ఉంది ఫొటో. కాదనను. సాయంత్రం షాపు కట్టేసి అటుగా రెండుసార్లు నడిచి చూశాను.

రెండోసారి నడుస్తున్నప్పుడు చీకట్లోంచి అక్క గొంతు వినిపించింది. "ఏటిరా, నీ మొహం కూడా ఎక్కించీసినారేటి?"

"మర్యాద చేశారక్కా. నేనడిగానా?"

"నువ్వెల్లింది దీపం ఎలిగించమని అడగడానికి. వొచ్చింది నువ్వెలిగి. ముందు ఒక సూరీడుండీవోడు, ఇప్పుడు ఇద్దరైనారు."

మూకుడు కింద మంట సన్నగా పెట్టి ఉంది. బజ్జీల పళ్ళెం నిండుగా ఉంది. కొయ్యూరు జీపు ఆగింది, నలుగురు దిగారు, ఒకావిడ బండి మీదికి వంగి చూసింది, ఏమీ కనపడక మెయిన్ రోడ్డు వైపు నడిచింది.

అక్క అది చూసి గొంతు తగ్గించింది. "ఈ వారం సూస్తాను. తర్వాత బండి ఇచ్చీసి జీడిపిక్కల షెడ్డులోకి పోతాను. రమ్మంటున్నారు."

జీడిపిక్కలు కొట్టే పని నాకు తెలుసు. పెంకులోని జీడినూనె తగిలి చేతుల తోలు నల్లబడి ఊడుతుంది. అక్క ఆ పని చిన్నప్పుడు చేసింది, బండి పెట్టుకున్నదే దాన్నుంచి బయటపడటానికి. మెయిన్ రోడ్డు మీద చోటు లేదు. అక్కడి బళ్ళవాళ్ళు కొత్త బండిని రానివ్వరు. ఇక్కడ చోటు పోతే అక్కకు మరో చోటు లేదు.

మర్నాడు వార్డు నాయకుడి దగ్గరికి వెళ్ళి నా ఫొటో తీసేయమన్నాను. నాకు అవార్డు ఏమైనా కావాలా అని అడిగాడు. వద్దు, లైటు తీసేయండి చాలు అన్నాను. "మేధావులు ఇలగే నిగర్వంగా ఉంటారు" అని పక్కవాడితో చెప్పాడు.

ఆ రోజు సాయంత్రం కుర్చీల వాళ్ళు అన్న మీటింగుకని అనకాపల్లి వెళ్ళారు. పోతూ పోతూ రెండు లైట్లూ వేసి మరీ వెళ్ళారు. గోడ కింద చోటు ఖాళీ. అక్క ఆ ఖాళీ చూసింది, నన్ను చూసింది. "పట్టరా బండి" అంది. ఇద్దరం కలిసి బండిని తోసుకెళ్ళి సరిగ్గా ఫ్లెక్సీల కింద నిలబెట్టాం. వెలుతురు అక్కడుంటే చీకట్లో కూర్చోవడం దేనికి? పురుగులు కూడా లైట్ల దగ్గర, అన్న తల చుట్టూ తిరుగుతున్నాయి, మూకుడు జోలికి రాలేదు. జీపు దిగినవాళ్ళు దిగినట్టే వచ్చారు. పిండి అయిపోయింది.

అప్పట్నుంచి రోజూ అక్కడే. కుర్చీల వాళ్ళు తిరిగొచ్చి మొదట్లో ఏమీ అనలేదు, వాళ్ళూ బజ్జీలు తిన్నారు. నాలుగైదు రోజులకు వార్డు నాయకుడు తినడం ఆపి పైకి చూశాడు. నూనె పొగ ఎటు పోతుంది? గోడ వెంబడి పైకి పోతుంది. తడి గాలిలో ఆ జిడ్డు అన్న పాదాల మీద పట్టి, అన్న ప్యాంటు మీద పట్టి, నమస్కారం పెడుతున్న చేతుల దాకా వచ్చింది. నా గుండ్రం మరీ కింద ఉండటం వల్ల నేను అప్పటికే గోధుమ రంగులో ఉన్నాను.

"ఏటమ్మా ఇది!" అని అరిచాడు. "అన్నకి మసి పూసీసినావేటి? పైనోళ్ళు సూస్తే నన్ను ఉరేసీరూ? తియ్యి, బేగి తియ్యి బండి!"

"ఎక్కడికి తియ్యమంటావు బాబూ? ఊరంతటికీ ఎలుతురు ఇక్కడే ఉన్నాది. నాను సేసినానేటి?"

"నీ పాత జాగాకి పో."

"అక్కడ సీకటి."

"మరైతే ఇంటికి పో!"

తినేవాళ్ళు ప్లేట్లు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. కొయ్యూరు ముసలాయన ఒకడు, "ఉండనీ నాయినా, మంచి దీపం కట్టినావు, పున్నెం" అన్నాడు. వార్డు నాయకుడి మనిషి ఒకడు తడిగుడ్డ తెచ్చి, నిచ్చెనెక్కి అన్న చేతులు తుడవబోయాడు. తుడిచిన చోట జిడ్డు ఇంకా పాకి మోచేతుల దాకా పోయింది.

నాకు నోరు దురద పెట్టింది. గిన్నె, తెల్లచొక్కా, వెనక్కి కొట్టే కాంతి, అన్నీ మళ్ళీ చెప్పాలనిపించింది. కార్బన్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్క నా వైపు ఒక చూపు చూసింది. మింగేశాను.

"నాయకుడుగారూ, అన్న మొహం దాకా రాకముందే ఒక పని చెయ్యండి" అన్నాను. "చీకటి పడ్డ దగ్గర్నుంచి అక్క బండి కట్టేసే దాకా ఈ రెండు లైట్లూ వెయ్యకండి. వెలుతురు లేకపోతే అక్క ఇక్కడ ఉండదు. తన చోటికి తనే పోతుంది. ఆ తర్వాత తెల్లవార్లూ వేసుకోండి."

"అప్పుడు సూసేదెవడు?" అన్నాడాయన.

"మసి పట్టిన అన్నను అందరూ చూడటం కన్నా..."

ఆయన పైకి చూశాడు. నిచ్చెన మీదివాడు, "ఇంకా తుడవమంటారా?" అన్నాడు. "ఒద్దురా నాయనా, దిగు" అని, వార్డు నాయకుడే స్వయంగా వెళ్ళి స్విచ్చి తీశాడు.

గోడ చీకటైంది. కాసేపు ఏమీ జరగలేదు. తింటున్నవాళ్ళు ఫోను లైట్లు వేసుకున్నారు. అంతలో మొదటి స్తంభం మీది దీపం మినుకుమని, ఆగి, వెలిగింది. దాని వెనక రెండోది, మూడోది, వీధి చివరి దాకా. జనం ఈల వేశారు. అక్క ఈల కోసం ఆగలేదు. "పట్టరా, నూనె తొణక్కుండా" అంది. బండి దాని చోటికి పోయింది.

మర్నాటికి ఈ కథకు వార్డులో ఒక అధికారిక రూపం వచ్చింది. అందులో సెన్సారు లేదు, మసి లేదు, నేనూ లేను. వార్డు నాయకుడు టీ కొట్టు దగ్గర చెబుతుంటే విన్నాను. పేద ఆడపడుచు బండి కోసం అన్న తన వెలుగును తానే తగ్గించుకున్నాడట. దీన్ని జనంలోకి తీసుకెళ్ళాలట. సాయంత్రానికి టేపు పట్టుకుని మనుషులతో అక్క బండి దగ్గరికి వచ్చాడు. స్తంభం ఎత్తు కొలిచాడు, గోడ వెడల్పు కొలిచాడు.

"అమ్మా, 'త్యాగమూర్తి' అని పాత దానికన్నా పెద్ద ఫ్లెక్సీ కొట్టిస్తన్నాం. అన్న పక్కన ఈసారి నీ ఫొటో. ఏటంటావు?"

నేను నాలుగడుగుల అవతల నా షాపు గుమ్మంలో గుండీలు కుడుతున్నవాణ్ణి సూది ఆపి చూశాను. అక్క తలెత్తలేదు. మిరపకాయను పిండిలో ముంచి నూనెలోకి వదిలింది.

"కట్టు బాబూ, ఎంత పెద్దదైనా కట్టు. నా మొహం ఏసుకుంటావో నీ మొహం ఏసుకుంటావో నీ ఇష్టం. దానికి లైటు మాత్రం ఎట్టకు."